పైరవీకి పద్దు ఏది?

పోయిన భాగంలో నిజాంసాగర్ నీళ్లు, బోధన్ చెరకు, భూములు చేతులు మారిన తీరు మాట్లాడుకున్నం. ఆ నీళ్ల మీద, భూమి మీద నిర్ణయాలు ఎక్కడ జరుగుతయో ఈసారి చూద్దాం.

మా కోటగిరి దిక్కు 'లాబీయింగ్' అంటే తెల్వకపోవచ్చు. పైరవీ అంటే ముసలవ్వకు కూడా తెలుసు. ఇది ఫారసీ మాట. వెంటపడి పని చేయించుకోవడం అని అర్థం. పని అడగడంలో తప్పు లేదు. చాటుగా అడగడంలోనే ఉంది తిరకాసంతా.

నిజాం కాలంలో ఊరి లెక్కలు పటేల్, పట్వారీల గుప్పిట్లో ఉండేవి. అవి వారసత్వపు కొలువులు. పహాణీలో ఎవరి పేరు ఎక్కాలో పట్వారీ ఇంటి అరుగు మీద తేలేది. వెట్టికి పోయిన మనోళ్లు ఆ దఫ్తరం మూట నెత్తిన మోసిండ్రు. విప్పి చూసే హక్కు మాత్రం లేదు.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ కొలువులను రద్దు చేసింది. తర్వాత మండలాలు వచ్చినయి. అధికారం అరుగు దిగి మండలాఫీసుకు పోయింది. దాని వెనకే పైరవీకారుడూ పోయిండు.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. జనాభా దామాషాలో ఎస్సీలకు వార్డులు, సర్పంచ్ పదవులు దక్కినయి. మనోళ్లు కుర్చీలో కూర్చున్నరు. కానీ నిర్ణయం ఆ కుర్చీ దగ్గరి నుంచి లేచిపోయింది.

ఎక్కడికి? నిజామాబాద్ జిల్లాలో చాలా ఊర్లల్ల గ్రామాభివృద్ధి కమిటీ దగ్గరికి. దానికి ఓట్లు లేవు, ప్రభుత్వ ఆడిట్ లేదు. అయినా బెల్టుషాపులకు వేలంపాట పెడుతది, జరిమానా వేస్తది, మాట వినని కులాలను వెలివేస్తది. పంచాయతీ తీర్మానం రాసే సరికి అసలు ముచ్చట ఎప్పుడో అయిపోయి ఉంటది. పైగా 2018 చట్టం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలన్నది. దళిత సర్పంచ్ పక్కన పెద్దకులపు ఉపసర్పంచ్ ఉంటే ఏమైతదో విడమరిచి చెప్పాల్నా?

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరిని కాదు, వ్యక్తిని ప్రమాణంగా తీసుకోవాలన్నది అందుకే. ఊరి మాట అంటే ఎవరి మాటో ఆయనకు తెలుసు.

ఐర్లాండ్‌లో 2015లో ఒక చట్టం చేసిండ్రు. పెద్ద కంపెనీలు, సంఘాలు ప్రజాప్రతినిధిని కలిసి పని అడిగితే, ఎవరిని కలిసిండ్రో, ఏం అడిగిండ్రో నాలుగు నెలలకోసారి రిజిస్టర్‌లో రాయాలి. ఎవరైనా చూడొచ్చు. స్థానిక కౌన్సిలర్లూ దాని కిందికే వస్తరు. మన దేశంలో అట్లాంటి చట్టం లేదు.

చేతిలో అసలేం లేదని కాదు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీ మినిట్స్ నకలు అడగొచ్చు. కానీ ఆ పుస్తకంలో ఏం తీర్మానించిండ్రో ఉంటది, ఎవరు అడిగితే తీర్మానించిండ్రో ఉండదు. మన పోరాటం ఆ ఖాళీ గురించే.

'మనం ఎమ్మార్వో దగ్గరికి పోవడం కూడా పైరవీయే కదా' అని కొందరు అడుగుతరు. అవును, అదీ రాయాలి. శ్మశానానికి జాగ కావాలని అడిగినోడికి పేరు దాచుకునే పనేముంది? దాచుకునేది ఇంకోడు.

వచ్చే గ్రామసభకు పోండి. ప్రతి తీర్మానం కాడ లేచి ఒక్కటే అడగండి: ఈ పని ఎవరు అడిగిండ్రు? జవాబు మినిట్స్‌లో రాయించండి. మన తాతలు మూట మోసిండ్రు. మనం దాన్ని విప్పుదాం.

జై భీమ్.