గీతలు నేర్చిన కన్ను

ఛాయాచిత్రమున గీతల పొందికను గూర్చి ముచ్చటించునపుడు నాకు మొదట స్ఫురించు పేరు రాజా దీనదయాళ్. 1844లో మీరట్ చేరువ సర్ధనాలో జన్మించిన ఈయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు ప్రజాపనుల శాఖలో అంచనాలు వేయుచు, నక్షాలు గీయుచు కొలువు చేసెను. మనవంటి సర్కారు ఉద్యోగియే! కెమెరా చేపట్టినది 1874 ప్రాంతమున.

ఎత్తైన కట్టడమును తీయబోవు సామాన్యుడు కెమెరాను పైకెత్తును. అంతట గోడలు పైకి పోవుకొలది దగ్గరై, కట్టడము వెనుకకు ఒరిగినట్లు కనబడును. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతమున తిరిగి ఈయన తీసిన గ్వాలియరు, సాంచి చిత్రములందు స్తంభములు నిటారుగా నిలిచియుండును. స్టాండుపై పెట్టెకెమెరాను మట్టముగా అమర్చి, గాజుపలకను నిలువున నిలిపిననే ఇది సాధ్యము. అదియును నల్లగుడ్డ క్రింద దూరి, తలక్రిందులుగా తోచు బింబమును చూచుచు సరిదిద్దుకొనవలెను. నక్షాలు గీచిన చేతికి ఆ లెక్క కొత్త గాదు.

పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసి, ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చెను. ఇచట నాకొక సంశయము. దూరమునకు పోవు స్తంభముల వరుసలు చూపును సింహాసనము వైపే నడిపించును. తుడిచి దీపములు వెలిగించిన చేతులు చట్రము వెలుపలనే ఉండిపోవును. గీత అందమునే గాక అధికారమును కూడ చూపగలదు.

ఆయన 1905లో గతించెను. రెండువేలకు పైగా గాజుపలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. ఆ చిత్రములను చూచువారు ముఖములను కొంతతడవు విడిచి, నేలపై గీత ఎచటికి పోవుచున్నదో చూడవలెనని నా మనవి.