పేకాట బిళ్ల వెనక ద్రాక్ష రైతు

ఇవాళ్టి పోస్టు కాస్త పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా మేనల్లుడు ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే ఐదు చిన్న బిళ్లలు. పాత రూపాయి బిళ్లంత ఉన్నాయి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. ఒక్కోదాని మీద ఒక్కో మందు కంపెనీ పేరు. దుబొన్నె, సూజ్, బీర్. ఈ బీర్ మన బీరు కాదండోయ్, అదొక రకం వైన్ పేరు. "మామయ్యా, ఇవి పేకాటలో లెక్కకి పెట్టుకునే బిళ్లలు, ఆదివారం పాత సామాన్ల సంతలో కొన్నా" అన్నాడు. ఇలాంటివి ఏరి దాచుకునేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారట. పేకాట బిళ్లల్లో ఏముందిలే అనుకున్నా గానీ, కూపీ లాగితే అందులో మన రైతుల కథ బయటపడింది.

ఫ్రాన్సులో కాఫీ హోటలంటే మన రచ్చబండ లాంటిది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ బెలోత్ అనే పేకాట బాగా పాకింది. 32 ముక్కలు, ఇద్దరికి ఇద్దరు జోడీ. తురుపులో జాకీ, తొమ్మిది పెద్ద ముక్కలు. వెయ్యి పాయింట్లు ఎవరు ముందు చేరితే వాళ్లది ఆట. అంత లెక్క గుర్తుండాలంటే బిళ్లలో, పాయింట్లు తిప్పుకునే చిన్న పలకో కావాలి కదా. అవి మందు కంపెనీలు హోటళ్లకి ఉచితంగా ఇచ్చేవి. బల్ల మీద పరిచే గుడ్డ, నీళ్ల కూజా, సిగరెట్ బూడిద గిన్నె, అన్నీ కంపెనీ పేరుతోనే. గంటలకొద్దీ ఆడేవాడి కళ్లెదురుగా ఆ పేరే ఉంటుంది. గొంతు ఎండినప్పుడు నోటికొచ్చేదీ ఆ పేరే.

ఇక ఆ బిళ్ల దేంతో చేశారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. కొన్ని బేకలైటు అనే పాత ప్లాస్టిక్‌తో చేస్తే, కొన్ని పాలతో చేశారు. నిజంగానే! వెన్న తీసిన పాలు విరగ్గొట్టి, ఆ ముద్దని గట్టిగా ఒత్తి, ఫార్మాలిన్‌లో నానబెడితే కొమ్ములా గట్టిపడుతుంది. దాన్ని గాలలిత్ అంటారు. చొక్కా బొత్తాలు కూడా దాంతో చేసేవాళ్లు. అంటే బిళ్ల పాడి రైతుది, దాని మీద పేరున్న సరుకు ద్రాక్ష రైతుది. పేరు మాత్రం కంపెనీది.

ఇప్పుడు ద్రాక్ష రైతు దగ్గరికి వద్దాం. 1860ల్లో అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తోటల్లో పడింది. మన పేనుబంకకి దగ్గరి చుట్టం, కాకపోతే వేరు పట్టి పీలుస్తుంది. 1875లో ఆ దేశంలో వైన్ దిగుబడి 800 కోట్ల లీటర్లు దాటింది. 1889కి వచ్చేసరికి అందులో మూడో వంతు కూడా లేదు. చివరికి అమెరికా ద్రాక్ష వేరు మీద తమ రకాలు అంటు కట్టుకుని తోటలు మళ్లీ నిలబెట్టుకున్నారు.

వైన్ దొరకని ఆ కాలంలో జనం వేరే మందుకి అలవాటుపడ్డారు. ఆబ్సాంత్ అనే ఘాటు సారా బాగా పెరిగింది. దాన్ని 1915లో ఫ్రాన్సు నిషేధించింది. అందుకే ఏదైనా ఫ్రెంచి వస్తువు మీద ఆబ్సాంత్ ప్రకటన ఉంటే, అది నకలు కాకపోతే 1915కి ముందుదని ఏరేవాళ్లు లెక్కేస్తారు.

మరి తోటలు మళ్లీ కాశాక రైతు బాగుపడ్డాడా? లేదు. పంట ఎక్కువైంది, అల్జీరియా వైన్ దిగింది, పంచదార నీళ్లు కలిపి దొంగ వైన్ చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. ధర సాగు ఖర్చుకి కూడా రాలేదు. 1907లో దక్షిణ ఫ్రాన్సు రైతులు రోడ్డెక్కారు. ముందుండి నడిపినవాడు మార్సెలాన్ అల్బేర్, ద్రాక్ష తోట ఉన్న కాఫీ హోటలు యజమాని. జూన్ 9న మోంపెలియే పట్నంలో ఐదు లక్షల మందికి పైగా చేరారు. తర్వాత పది రోజులకి నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. 17వ పటాలంలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల రైతుల పిల్లలే, వాళ్లు పైవాళ్ల మీద తిరగబడ్డారు. ఆ నెలాఖరుకే దొంగ వైన్‌ని అరికట్టే చట్టం వచ్చింది.

నా దగ్గరున్న బీర్ బిళ్ల కంపెనీ కూడా ఆ దక్షిణాదిదే. తుయిర్ అనే ఊళ్లో వియోలే అన్నదమ్ములు 1866లో మొదలుపెట్టారు. వైన్‌లో సింకోనా బెరడు కలిపి, ఆరోగ్యానికి మంచిదని అమ్మారు. ఆ ఊళ్లో వాళ్లు కట్టిన ఓక్ చెక్క పీపా ఒకటి పది లక్షల లీటర్లు పడుతుంది. సూజ్ అయితే జెన్షియన్ వేరుతో చేస్తారు. కొండల మీద పొడుగాటి రెండు కొమ్ముల గునపంతో కూలీలు ఆ వేర్లు తవ్వేవాళ్లు. వాళ్లలో ఒక్కడి పేరూ ఏ బిళ్ల మీదా లేదు.

1991లో ఫ్రాన్సు మందు ప్రకటనల మీద గట్టి చట్టం తెచ్చింది. ఆ పాత బిళ్లలకి గిరాకీ ఉండటానికి అదీ ఒక కారణమే అనుకుంటా. ఏరేవాళ్లు కంపెనీ పేరు చూస్తారు, రంగు చూస్తారు, అంచు పెచ్చు ఊడిందా అని చూస్తారు. ఆ ఏడు రైతుకి ద్రాక్ష బుట్టకి ఎంత ముట్టిందో బిళ్ల చెప్పదు.

మన ఇళ్లలో చూడండి. విత్తనాల కంపెనీ టోపీ, ఎరువుల కంపెనీ క్యాలెండరు, పురుగుమందు పేరున్న సంచి. అన్నీ ఉచితమే. యాభై ఏళ్ల తర్వాత వీటినీ ఎవరో ఏరుకుంటారు. అందుకే నేనొక పని మొదలుపెట్టాను. పాత క్యాలెండరు పారేయకుండా, వెనకవైపు ఆ ఏడు ఏం పంట వేశాను, ఎకరాకి ఎంత పెట్టాను, క్వింటాకి ఎంత వచ్చింది అని రాసి దాస్తున్నా. కుదిరితే మీరూ రాయండి. ముందువైపు వాళ్ల పేరు ఎలాగూ ఉంది, వెనకవైపన్నా మన లెక్క ఉండనివ్వండి.