ఆదిభట్ల నారాయణదాసు గారు – విజయనగర సంగీత కళాశాల

కోలారు బంగారు గనుల ప్రాంతములో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు కన్నడము, ఇంగ్లీషు చక్కగా చదువుచున్నారు. సంతోషమే. కాని త్యాగరాజ కీర్తన విని తల ఊపే పిల్లవానికి అందులోని తెలుగు మాట తెలియకపోవుట మనకు చింత కలిగించే విషయము. ఈ ఉగాదికి ఆదిభట్ల నారాయణదాసు గారిని స్మరించుట అందువలన సముచితమని మేము తలచుచున్నాము.

దాసుగారు 1864లో ఉత్తరాంధ్రలోని అజ్జాడ గ్రామములో జన్మించారు. 1883లో విజయనగరములో కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని, తామూ ఆ మార్గము పట్టారు. కథ, పద్యము, పాట, నృత్యము అన్నీ ఒక్కరే నిర్వహించే ఆ కళకు ఆయన పితామహులైనారు. కథలను, వాటి కీర్తనలను స్వయముగా రచించారు. తొంబది రాగములతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరిని కూర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకము నుండి సంస్కృతములోనికి, అచ్చ తెలుగులోనికి తెచ్చారు. మన మైసూరు సీమకూ వచ్చి, చామరాజేంద్ర ఒడయరు వారి ఎదుట హరికథ చెప్పి మెప్పు పొందారు.

అంతటి విద్వాంసులు బడి పంతులు కూడా అయినారు. 1919లో విజయరామ గజపతి వారు విజయనగరములో సంగీత కళాశాల స్థాపించగా, దాసుగారు తొలి ప్రధానాచార్యులై 1936 వరకు నడిపించారు. గురువుగారి ఇంట ఏండ్ల తరబడి శుశ్రూష చేయలేని పేద పిల్లలకు అక్కడ తలుపు తెరుచుకొన్నది. బెంగుళూరులో 1893లో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరవచ్చి, వాయులీనాచార్యులుగా నియమితులైనారని చెప్పుకొందురు. దాసుగారి తరువాత ప్రధానాచార్యులు ఆయనే. ఘంటసాల, పి.సుశీల గార్లు ఆ కళాశాలలో నేర్చినవారే. దాసుగారు 1945లో పరమపదించినా కళాశాల నేటికీ నడుచుచున్నది.

మన వైపున కైవారము నారాయణ తాతయ్య తెలుగు తత్త్వములు భజన గోష్ఠులలో నిలిచియున్నవి. అయితే నేర్పేవారు లేనిచో నోటి పాట ఎన్ని తరములు నిలుచును? 2001లో గనులు మూతపడిన తరువాత ఎన్నో కుటుంబములు దినమూ రైలెక్కి బెంగుళూరు పోయి బ్రతుకుచున్నవి. పెద్దలకు తీరిక లేదు. కాబట్టి మన సంఘము ఒక గది చూచి, ఆదివారము పూట తెలుగు, సంగీతము నేర్పే ఏర్పాటు చేయవలెనని సభ్యులకు మా విన్నపము. తవ్వినకొద్దీ బంగారము తరిగిపోయినది. విద్య అట్లు తరుగదు గదా!

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.