తల మీద ఎంత రాయి, ఎంత గాలి

కేజ్ తలుపు పడింది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, చాంపియన్ రీఫ్ గని, 1965. హెల్మెట్ల కింద ముఖాలు సరిగా కనిపించవు, భుజాలు మాత్రం తగులుతుంటాయి. వెనకెవరో తెలుగులో కూతురి పెళ్లి సంగతి చెబుతున్నారు. పక్కాయన తమిళంలో ఏదో మాట విసిరి అందర్నీ నవ్వించాడు. కుప్పం ఇక్కడికి ఎంతో దూరం కాదు. పైన ఊరెలా ఉందో కింద గనీ అంతే, మూడు భాషల్లో నడుస్తుంది. కేజ్ ఒక్కసారి జారగానే కడుపు గొంతులోకొస్తుంది, చెవులు దిబ్బడ వేస్తాయి. దీపం వెలుగులో తడిరాయి పైకి పరుగెడుతూ ఉంటుంది, ఎంతసేపటికీ ఆగదు.

7,600 అడుగుల దగ్గర దిగుతారు. షిఫ్టువాళ్లు బంగారం వైపు వెళ్లిపోతారు, మీరు ఇంకో సొరంగంలోకి తిరుగుతారు. గాలి వేడిగా, చిక్కగా ఉంది. నాలుగడుగులు వేసేసరికి చొక్కా ఒంటికి అతుక్కుంది. ఎక్కడో దూరంగా రాయి పగిలిన చప్పుడు. ఇంత లోతులో ఒత్తిడికి రాయి తనంతట తనే పేలుతుంది. దానివల్ల తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు పైన కార్మికుల లైన్లలో ఉన్నాయి. భౌతికశాస్త్రం కోసం దిగినవాళ్లను ఈ గనిలోకి తీసుకెళ్లి, తిరిగి తీసుకొచ్చేది ఆ కుటుంబాల మనుషులే.

రాయి తొలిచి చేసిన గది. ఎదురెదురుగా రెండు నిలువు గోడలు, ప్లాస్టిక్ సింటిలేటర్‌తో కట్టినవి. విద్యుదావేశమున్న కణం దూసుకుపోతే ఆ ప్లాస్టిక్ సన్నగా మెరుస్తుంది. రెండు గోడల మధ్య సీసం పలకలు, వరసలు వరసలుగా నియాన్ గొట్టాలు. గోడలు రెండూ ఒకేసారి మెరిస్తే గొట్టాలకు హై వోల్టేజీ అందుతుంది. కణం ఏ గొట్టాల మీదుగా వెళ్లిందో అవి మాత్రమే ఎర్రగా వెలుగుతాయి, కెమెరా ఆ వరసను ఫిల్ముకెక్కిస్తుంది. నిన్నటి ఫిల్ము తీసి కొత్తది వేయాలి. నిన్నటిదాంట్లో ఏమీ ఉండకపోవచ్చు. మొన్నటిదాంట్లోనూ ఏమీ లేదు.

ఆ ‘ఏమీ లేదు’ కోసమే ఇంత లోతుకు వచ్చారు. పైన ఎండలో చెయ్యి చాస్తే అరచేతిలోంచి సెకనుకు ఒకటో రెండో మ్యూయాన్లు దూరిపోతుంటాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ఆకాశంలో గాలి అణువులకు కొట్టుకుని పుట్టించే కణాలవి. రాయిలోకి దిగేకొద్దీ అవి తగ్గుతూ పోతాయి. ఒసాకా నుంచి వచ్చిన మియాకె, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు నరసింహం, పి.వి. రమణమూర్తి కలిసి 1960ల మొదట్లో ఈ గనిలోనే అంచెలంచెలుగా దిగుతూ లెక్కపెట్టారు. అన్నిటికన్నా లోతైన చోట రెండు నెలలు కూర్చున్నా ఒక్క మ్యూయాన్ కూడా రాలేదు. ఇంకొకరైతే పరికరం చెడిపోయిందనుకుని సామాను సర్దుకునేవారు. వీళ్లకు మాత్రం అక్కడే దారి కనిపించింది. పైనుంచి వచ్చేవన్నీ ఆగిపోయిన చోట ఇంకా ఏదైనా మెరిసిందంటే, అది రాతిని లెక్కచేయని న్యూట్రినో పనే అయ్యుండాలి.

అందుకే గోడల్ని నిలువుగా కట్టి చూపును పక్కకు తిప్పారు. అడ్డంగా వచ్చే మ్యూయాన్ ఆకాశంలో పుట్టి ఉంటే ఎన్నో మైళ్ల రాయి దాటి రావాలి, అది కుదరదు. పక్క రాయిలో న్యూట్రినో కొడితేనే పుట్టాలి. ఆ ఏడాది ఫిల్ముల మీద అలాంటి ఎర్రచుక్కల వరసలు పడ్డాయి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. వాతావరణంలో పుట్టిన న్యూట్రినో జాడ అది. దక్షిణాఫ్రికా గనిలో అదే వేటలో ఉన్న ఫ్రెడరిక్ రైన్స్ బృందానికి ఫిబ్రవరిలోనే అలాంటిది దొరికింది. అచ్చులో మాత్రం ఆగస్టులో కోలార్ పేపరు ఓ రెండు వారాలు ముందొచ్చింది. ఎవరు ముందన్న వాదన నాకంత ముఖ్యం కాదు. రెండు ఖండాల్లో రెండు బంగారు గనులు ఒకే ఏడాది ఒకే మాట చెప్పడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆ పేపరు మీదున్న పేర్లలో బి.వి. శ్రీకంటన్ ఒకరు. నంజనగూడులో 1925లో పుట్టి, 1948లో హోమీ భాభా దగ్గర చేరిన కుర్రాడు. గైగర్ కౌంటర్లు చేత్తో తయారుచేసుకుని, 1950ల మొదట్లో ఇదే కోలార్‌లో మొదటిసారి మ్యూయాన్లు లెక్కించడానికి దిగింది ఆయనే. తర్వాత ఆయన వృత్తిజీవితాన్ని వరసగా చూడండి. గనిలో దిగారు, ఊటీ కొండెక్కారు, హైదరాబాదులో బెలూన్లు వదిలారు. ఎందుకిలా తిరగడం? ఈ కణాల్ని ఎవరూ తయారుచేయలేరు, ఫలానా రోజు రమ్మని పిలవలేరు. శాస్త్రవేత్త చేతిలో ఉన్నది ఒక్కటే: తన పరికరం నెత్తి మీద ఎంత రాయి ఉండాలో, ఎంత గాలి ఉండాలో నిర్ణయించుకోవడం. న్యూట్రినో కావాలంటే కిలోమీటర్ల రాయి కావాలి. ఎక్స్ కిరణాలు కావాలంటే గాలే ఉండకూడదు. 1968లో హైదరాబాదు నుంచి లేచిన బెలూన్ పని అదే. పల్చటి పాలిథిన్ సంచి గాలిలో 99 శాతాన్ని కిందే వదిలేసి ఎక్స్ కిరణాల తారల వైపు కళ్లు తెరిచింది. శ్రీకంటన్ 1975 నుంచి 1987 దాకా టాటా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరుగా ఉండి, 2019లో కన్నుమూశారు.

ఇప్పుడు ఊటీకి రండి. సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తు. పచ్చిక వాలు మీద ఎనిమిదేసి మీటర్ల ఎడంతో తెల్లటి మూతలు పరుచుకుని ఉన్నాయి, దాదాపు 400. ఒక్కో మూత కింద చదరపు మీటరు సింటిలేటర్. ఇది గ్రేప్స్-3 అనే కాస్మిక్ కిరణాల ప్రయోగం. పైన ఎక్కడో ఒక్క ప్రోటాన్ గాలిని కొడితే లక్షల కణాలు పలచటి పళ్లెంలా పరుచుకుని ఈ వాలు మీద పడతాయి. ఏ మూతకు ఎన్ని నానోసెకన్ల ముందు తగిలిందో చూస్తే, ఆ ప్రోటాన్ ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పక్కనే మ్యూయాన్ హాళ్లు. లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంటుంది. నెత్తి మీద రెండు మీటర్లకు పైగా కాంక్రీటు. కోలార్‌లో రాయిలాగే ఇక్కడ కాంక్రీటు వడపోస్తుంది, కాకపోతే ఇది మ్యూయాన్లను వదిలి మిగతావాటిని ఆపేస్తుంది. దాని కింద నాలుగు వరసల్లో ఇనుప గొట్టాలు. ఒక్కోటి ఆరు మీటర్ల పొడవు, జానెడు కూడా లేని నలుచదరపు నోరు. అన్నీ కలిపి 3,712. దగ్గరికి వంగి చూస్తే గొట్టం మామూలు ఇనుమే. లోపల ఆర్గాన్, మీథేన్ కలిపిన వాయువు, నట్టనడుమ పొడవునా 100 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ. కోలార్‌లో ప్రోటాన్ క్షయం, అంటే ప్రోటాన్ తనంతట తనే విచ్చిపోవడం కోసం ఏళ్లతరబడి కాపలా కాసిన గొట్టాలు, అక్కడి ప్రయోగం ముగిశాక ఇక్కడికి చేరాయి. ఏ క్షయం కోసం కూర్చున్నాయో దానికి అక్కడ తిరుగులేని సాక్ష్యం దొరకలేదు. ఇక్కడ నిమిషానికి దాదాపు పాతిక లక్షల మ్యూయాన్లు వాటి మీదుగా వెళ్తున్నాయి.

2014 డిసెంబరు 1. కొండ మీద మబ్బు నల్లగా దిగింది. కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. తెర మీద మ్యూయాన్ల గీత ఎప్పటిలా సాగుతూ సాగుతూ ఒక్కసారి కిందికి వాలింది. సుమారు 2 శాతం తగ్గుదల, 18 నిమిషాలు. పరికరం చెడిందా? లేదు, నాలుగు హాళ్లూ ఒకే మాట చెబుతున్నాయి. మబ్బులో చేరిన వోల్టేజీ ధన మ్యూయాన్ల శక్తిని గుంజుకుంటుంది, రుణ మ్యూయాన్లకు అంతే కలుపుతుంది. ప్రకృతిలో ధన మ్యూయాన్లే కొంచెం ఎక్కువ కాబట్టి మొత్తం లెక్క తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిచి వెనక్కి లెక్కకడితే మబ్బులోని వోల్టేజీ తేలింది: 130 కోట్ల వోల్టులు. 1929లో సి.టి.ఆర్. విల్సన్ పిడుగు మబ్బుల్లో ఇంత ఉండొచ్చని ఊహించాడు. బెలూన్లు, విమానాలు మబ్బులోకి వెళ్లినా ఏ కాసింత చోటునో కొలిచాయి తప్ప మొత్తాన్ని పట్టలేకపోయాయి. మ్యూయాన్లు పట్టాయి. 2019లో ఆ ఫలితం అచ్చయింది. మ్యూయాన్లలో ఆ చిన్న తగ్గుదలను చాలామంది ‘వాతావరణం వల్ల వచ్చిన గోల’ అని చెరిపేసేవాళ్లు. ఊటీ వాళ్లు దాన్ని దాచిపెట్టుకుని, ఒక్కొక్క ఉరుముల వానతోనూ పోల్చి చూశారు. అలా పోల్చినవి 184.

తెల్లటి మూతల దగ్గరా పని సాగుతూనే ఉంది. కాస్మిక్ ప్రోటాన్ల సంఖ్య శక్తి పెరిగేకొద్దీ ఒకే తీరున తగ్గుతూ పోవాలని లెక్క. 2024లో గ్రేప్స్-3 బృందం ఇంకో సంగతి చెప్పింది. 166 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆ తగ్గుదల నెమ్మదిస్తోంది, గీత వంపు తిరుగుతోంది. మన నక్షత్రవీధిలో ఈ కణాల్ని ఉరికించే యంత్రాలు మనం అనుకున్న ఒక్క రకం కావేమో, లేక దారిలో ఏదో వాటిని మళ్లిస్తోందేమో. దాన్ని తేల్చాలంటే ఒక్కో ప్రోటాన్ తెచ్చే కణాల జల్లులో ఎన్ని మ్యూయాన్లున్నాయో ఇంకా నిక్కచ్చిగా తెలియాలి, అందుకు ఇంకా ఎక్కువ హాళ్లు కావాలి. పాత హాళ్ల పక్కన అంతే పెద్దవి ఇంకో వరస కట్టే పని అంతకుముందే మొదలైంది. మళ్లీ కాంక్రీటు, మళ్లీ నాలుగు వరసల గొట్టాలు, ఒక్కోదాంట్లో చేత్తో బిగించాల్సిన ఆ సన్నటి తీగ.