ఆర్నెల్ల ట్రైనింగూ, ఓ సర్టిఫికెట్టూ

కిందటి వారం మా పిన్ని కొడుకు ఫోను చేసాడు. అనకాపల్లిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. "అన్నయ్యా, ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్ చెయ్యాలంట. మీ ఆఫీసు లెటర్‌హెడ్డు మీద చేసినట్టు ఓ కాగితం ఇప్పించెయ్యవా, నేను ఇంట్లో కూచుని బ్యాంకు పరీక్షలకి చదువుకుంటాను" అన్నాడు. కుదరదన్నాను. పది నిముషాల్లో పిన్ని ఫోను. "ఒక్క కాగితం ముక్క ఇప్పించలేవా, ఇంత పెద్ద ఉద్యోగం చేసి?" అంది. ఆవిడ మాట కాదనడం నాకు అలవాటు లేదు. అయినా కుదరదనే చెప్పాను. ఎందుకో చెప్పాలంటే పరవాడ దాకా వెళ్ళాలి. దానికి ముందు ఇంకా చాలా దూరం వెళ్ళాలి.

చదువు మధ్యలో పని పెట్టడం అనే ఆలోచన నిన్న మొన్నటిది కాదండి. 1903లో ఇంగ్లండులో సండర్లాండ్ అనే ఊళ్ళో టెక్నికల్ కాలేజీవాళ్ళు కొన్నాళ్ళు క్లాసు, కొన్నాళ్ళు కర్మాగారం అనే పద్ధతి మొదలుపెట్టారు. ఓడలు కట్టే ఊరది. రెండు రొట్టె ముక్కల మధ్య కూర పెట్టినట్టు చదువు మధ్య పని పెట్టారు కాబట్టి తర్వాత్తర్వాత ఇలాంటివాటికి శాండ్‌విచ్ కోర్సులని పేరొచ్చింది.

అదే సమయంలో అమెరికాలో హెర్మన్ ష్నైడర్ అని ఓ ఇంజనీరింగు అయ్యవారుండేవాడు. లీహై యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. అది ఉన్నది బెత్లెహేం స్టీలు కంపెనీ ఊళ్ళోనే. చదువుకునే రోజుల్లో ఎక్కడో అక్కడ పని చేసినవాళ్ళే తర్వాత ఉద్యోగంలో బాగా రాణిస్తున్నారని ఈయన గమనించాడు. మరి ఆ పనిని చదువులోనే కలిపేస్తే పోలా అనుకున్నాడు. ఆయన మాట వినేవాళ్ళు దొరకడానికి కొన్నేళ్ళు పట్టింది. చివరికి 1906లో సిన్సినాటి యూనివర్సిటీవాళ్ళు, అదీ ఒక్క ఏడాది చూద్దాం అని, ఒప్పుకున్నారు. మొదటి బ్యాచ్‌లో 27 మంది. ఒక ఉద్యోగానికి ఇద్దరు కుర్రాళ్ళు. ఈ వారం ఒకడు షాపులో, ఇంకొకడు క్లాసులో. వచ్చే వారం తారుమారు. చేసిన పనికి జీతం కూడా ఇచ్చేవారు. కెనడాలో ఉన్న మనవాళ్ళందరికీ తెలిసిన వాటర్లూ యూనివర్సిటీ 1957లో ఇదే పద్ధతితో మొదలైంది.

గమనించారా? ఒక ఆలోచన ఓడల ఊళ్ళో పుట్టింది, ఇంకోటి ఉక్కు ఊళ్ళో పుట్టింది. మన విశాఖపట్నంలో రెండూ ఉన్నాయి.

వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టింది 1941లో. 1948 మార్చిలో నెహ్రూ "జల ఉష"ను నీళ్ళలోకి దింపారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. 1971లో ఇందిరాగాంధీ స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసారు. ఇన్ని కర్మాగారాలుంటే పనొచ్చిన మనుషులు కావాలి కదా. 1961లో కేంద్రం అప్రెంటిస్ చట్టం చేసింది. మొదట్లో అది ఐటీఐ లాంటి ట్రేడులవాళ్ళ కోసం. 1973లో సవరణ చేసి డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లని కూడా చేర్చారు. అక్కడ ఓ చిన్న మాటుంది. చదువు పూర్తయినవాళ్ళే కాదు, డిగ్రీ కోసం, డిప్లొమా కోసం ఇంకా శిక్షణలో ఉన్నవాళ్ళు కూడా అప్రెంటిస్‌లే అంది చట్టం. అంటే శాండ్‌విచ్ కుర్రాళ్ళు. అదే 1973లో బిట్స్ పిలానీ 'ప్రాక్టీస్ స్కూల్' మొదలుపెట్టింది. ఇక 2020లో మన రాష్ట్రం మూడేళ్ళ డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేసింది. మా తమ్ముడి తలనొప్పి అక్కణ్ణుంచి వచ్చిందన్నమాట.

ఇహ నా సంగతి. ఇంజనీరింగులోకి ఈసెట్ రాసి వచ్చినవాణ్ణి, అంతకు ముందు డిప్లొమా. అందులో ఆర్నెల్లు ఇండస్ట్రియల్ ట్రైనింగు. నాకు పరవాడ వైపు ఓ కర్మాగారం పడింది. పేరెందుకు లెండి. సింహాద్రి థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 2002లో వచ్చింది, నేను వెళ్ళేసరికి ఇంకా కొత్త. గాజువాకలో బస్సెక్కితే లంకెలపాలెం దగ్గర హైవే దిగిన కాసేపటికే ఆ కూలింగు టవర్లు కనపడేవి. ఎక్కడో ఒరిస్సాలో తాల్చేరు నుంచి రైల్లో బొగ్గు, పక్కనే సముద్రం నుంచి నీళ్ళు. పుస్తకంలో చదివినదంతా ఎదురుగా ఆవిరి కక్కుతూ ఉండేది.

మా కర్మాగారంలో మొదటి నెలంతా నన్ను ఓ మూల కూచోబెట్టారు. పాత రిపోర్టులు జిరాక్సు తీయడమే పని. నాలాంటివాళ్ళు చాలామంది అలాగే కాలక్షేపం చేసి సర్టిఫికెట్టు పట్టుకుపోయారు. విసుగొచ్చి రాత్రి షిఫ్టు అడిగాను. అక్కడ ఓ ఆపరేటరు ఉండేవారు, మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. నా చేతికి లాగ్‌షీట్ ఇచ్చారు. గంటగంటకీ పంపుల దగ్గరకి వెళ్ళి ప్రెషరు, టెంపరేచరు, మోటారు ఆంప్స్ చూసి రాయాలి.

పది రోజులు బుద్ధిగా రాసాను. ఓ రాత్రి నిద్ర ముంచుకొచ్చింది. అంకెలు ఎప్పుడూ అవేగా అని, రెండు గంటల రీడింగుల్లో ఒంటిగంటవే మళ్ళీ దించేసాను. బాబాయ్ షీటు చూసారు. ఏమీ అనకుండా నన్ను పంపు దగ్గరకి తీసుకెళ్ళారు. ఆంప్స్ మీటరు ముల్లు సున్నా మీద ఉంది. ఒకటిన్నరకి ఆ పంపు ఆపి స్టాండ్‌బై పంపు వేసారట. నా కాగితంలో మాత్రం అది హాయిగా తిరుగుతోంది.

"ఏటిరా గుంటా, కాయితం మీద రాసేత్తే పంపు తిరుగుతాదేటి? పొద్దున్న ఎవడో ఒకడు నీ కాయితం నమ్మీసి చెయ్యి పెడతాడు" అన్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం ఆ సున్నా ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

అదేదో ఊరికే భయపెట్టడానికి అన్నమాట కాదు. అదే పరవాడ ఫార్మా సిటీలో 2020 జూన్ నెలాఖర్లో రాత్రి షిఫ్టులో గ్యాస్ లీకై ఇద్దరు పోయారు. 2022 డిసెంబరులో అగ్నిప్రమాదంలో నలుగురు. ఆ వార్తలు చదివిన రోజున నాకు గుర్తొచ్చింది బాబాయే. అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణలో ఉన్నవాడు మాత్రమే అని 1961 చట్టం అంది. అలా అంటూనే ఫ్యాక్టరీలో ఆరోగ్యం, భద్రత విషయాల్లో మాత్రం అతన్ని కార్మికుడితో సమానంగా చూడాలని, దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని కూడా రాసింది. ఎందుకంటే గ్యాసుకి మనవాడు ట్రైనీయా, పర్మనెంటా అన్నది తెలీదు కదా.

తమ్ముడికి చెప్పింది ఇదీ. ఉత్తుత్తి కాగితం అడక్కు, నిజం పని ఇప్పిస్తాను. వెళ్ళిన రోజే బయటికి దారెటో, సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో అడిగి తెలుసుకో. మొదటి నెల ఏ పైపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో నడిచి చూడు, ఆఫీసైతే ఏ ఫైలు ఎవరి బల్ల మీదకి పోతోందో చూడు. సొంతంగా ఓ నోట్‌బుక్ పెట్టుకో. ఎవరూ చెయ్యనని వదిలేసిన చిన్న పని ఒకటి తీసుకుని, ఆర్నెల్లయ్యేలోపు అది నీదని అందరూ అనేలా చెయ్యి. మూల కూచోబెడితే నెల రోజులు ఆగకు, నాలాగా. వారంలోపే అడుగు.

ఇది చదివే మనలో చాలామంది దగ్గరకి ఏటా ఇంటర్న్‌లు వస్తారు. వాళ్ళకో లాప్‌టాప్ ఇచ్చి, రెండు వీడియోలు చూడమని చెప్పి మన మీటింగుల్లో మనం పడిపోతాం. జిరాక్సు మిషనుకీ దీనికీ తేడా ఏమిటో నాకైతే తెలీదు. ఆ రాత్రి బాబాయ్‌కి నన్ను పంపు దాకా నడిపించడానికి పట్టింది ఐదు నిముషాలు. ఇరవై ఏళ్ళుగా ప్రొడక్షన్ లాగ్స్ చూసి బతుకుతున్నాను, ఇప్పటికీ చూడకుండా "అంతా బాగానే ఉంది" అని రాయాలంటే చెయ్యి రాదు.

పిన్ని ఇంకా కోపంగానే ఉంది. తమ్ముడు మాత్రం నిన్న రాత్రి ఫోను చేసి, "సరే అన్నయ్యా, ఎప్పట్నుంచి రావాలి?" అన్నాడు. సోమవారం నుంచి అన్నాను.