డెలివరీ తొందరగా ఇవ్వాలంటే ఓటీ ఒక్కటే దారి కాదు

"ఈ వారం డెలివరీ ఉంది, అందరూ ఓటీ చేయాలి." తువాస్ ఫ్యాక్టరీల్లో, యార్డుల్లో పనిచేసే మీకు ఈ మాట కొత్త కాదు. గడువు ముంచుకొస్తే గంటలు పెంచుతారు. కొన్నిచోట్ల చెకింగ్ వదిలేస్తారు, మెషిన్ గార్డు తీసేసి నడిపిస్తారు. అయినా సరుకు ఆలస్యంగానే పోతుంది. ఎందుకో తెలిస్తే మీ కంపెనీకీ మంచిది, మీ చేతులకూ మంచిది.

ఆలస్యం ఎక్కడ?

ఆర్డరు వచ్చిన రోజు నుంచి సరుకు గేటు దాటే రోజు వరకు పట్టే కాలాన్ని లీడ్ టైమ్ అంటారు. ఒక పైపు పీసుకు కటింగ్, ఫిట్టింగ్, వెల్డింగ్ కలిపి 6 గంటల పని ఉందనుకోండి. అది బయటికి పోవడానికి 5 రోజులు పడుతుంది. మిగతా టైమంతా మెటీరియల్ కోసం, క్రేన్ కోసం, డ్రాయింగ్ కోసం, ఇన్‌స్పెక్షన్ కోసం ఎదురుచూపులే.

దీనికి చిన్న లెక్క ఉంది. షాపులో సగంలో ఉన్న పీసులను రోజుకు పూర్తయ్యే పీసులతో భాగించండి. 60 పీసులు ఉండి రోజుకు 12 పూర్తయితే లీడ్ టైమ్ 5 రోజులు. సగంలో ఉన్నవి 24కు తగ్గిస్తే 2 రోజులే. అంటే అన్ని ఆర్డర్లూ ఒకేసారి మొదలుపెడితే అన్నీ ఆలస్యమవుతాయి.

ఒక పని నుంచి ఇంకో పనికి మెషిన్ మార్చే టైమ్ కూడా తగ్గించొచ్చు. జపాన్ ఇంజనీర్ షిగియో షింగో చెప్పింది ఇదే: మెషిన్ ఆగకముందే చేయగలిగిన పనులు ముందే చేసిపెట్టుకోవాలి. తర్వాతి డై, బోల్టులు, స్పానర్లు పక్కనే రెడీగా ఉంటే మెషిన్ ఆగేది కాసేపే.

తప్పు కనపడితే ఆపాలి

టొయోటా కంపెనీ మూలాలు మగ్గంలో ఉన్నాయి. సకిచి టొయోడా తయారుచేసిన మగ్గం పోగు తెగగానే దానంతటదే ఆగేది. మరమగ్గాల మీద పనిచేసినవాళ్లకు దీని విలువ వెంటనే అర్థమవుతుంది: ఆగకపోతే బట్ట మొత్తం పాడే. తర్వాత టొయోటా కార్ల లైన్లో తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి సూపర్‌వైజర్‌ను పిలవొచ్చు, అవసరమైతే లైన్ ఆగుతుంది. వెల్డులో లోపం అక్కడికక్కడే పట్టుకుంటే కాసేపట్లో సరిచేయొచ్చు. పెయింటింగ్ అయ్యాక బయటపడితే గ్రైండింగ్, మళ్లీ వెల్డింగ్, మళ్లీ టెస్టింగ్, మళ్లీ పెయింటింగ్.

ఆపకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. 2021 ఫిబ్రవరి 24న తువాస్ అవెన్యూ 11లోని ఒక వర్క్‌షాపులో మిక్సర్ మెషిన్ పేలింది. దాంతో లేచిన బంగాళాదుంప పిండి దుమ్ము కూడా అంటుకుంది. ముగ్గురు కార్మికులు చనిపోయారు. అంతకుముందే మెషిన్ నుంచి నూనె కారడం, మంటలు రావడం జరిగినా వాడకం ఆపలేదని విచారణలో బయటపడింది.

మీరు ఏం చేయొచ్చు?

• పని ఎందుకు ఆగిందో రోజూ రాసిపెట్టుకోండి: "క్రేన్ రాలేదు, 40 నిమిషాలు" అన్నట్టు. నిదానంగా చేశారని మిమ్మల్ని అంటే ఇదే మీ జవాబు.
• టూల్‌బాక్స్ మీటింగ్‌లో ఆ లెక్క చూపించి మాట్లాడండి. "సార్, మెటీరియల్ ముందురోజే తెప్పిస్తే టైమ్ కలిసొస్తుంది" అంటే వినే సూపర్‌వైజర్లు ఉన్నారు.
• మెషిన్ నుంచి పొగ, నూనె, కొత్త శబ్దం వస్తే ఆపి చెప్పండి. గార్డు తీసేసి నడపొద్దు.

ఓటీ రూల్స్

ఫ్యాక్టరీ కార్మికులకు మామూలు పని సాధారణంగా వారానికి 44 గంటలు. ఓటీతో కలిపి రోజుకు 12 గంటలు, ఓటీ నెలకు 72 గంటలు దాటకూడదు. కంపెనీకి ప్రత్యేక అనుమతి ఉంటేనే మినహాయింపు. ఓటీ గంటకు బేసిక్ రేటుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. వారానికి ఒక రెస్ట్ డే మీ హక్కు. పేస్లిప్‌లో ఓటీ గంటలు సరిచూసుకోండి.

సేఫ్టీ గురించి నిజాయితీగా అడిగినందుకు గానీ, అధికారులకు చెప్పినందుకు గానీ ఉద్యోగం తీసేయడాన్ని, తీసేస్తామని బెదిరించడాన్ని సింగపూర్ వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ హెల్త్ చట్టం నిషేధిస్తుంది. సాయం కావాలంటే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ 24 గంటల హెల్ప్‌లైన్ 6536 2692కు ఫోన్ చేయండి. ఈ నంబర్ మీ రూమ్‌మేట్లకు కూడా ఇవ్వండి.