తొలిచూలు పెయ్యకు ఏ ఆంబోతు?

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, లోన్ల రికవరీ గురించి రాసుకుంటున్నాం. ఈసారి పశువుల లోన్ల మీద ఏదైనా రాయమని నన్ను అడిగారు. నేను చదివింది పదో తరగతి. చరిత్ర రాయడానికి నేనెంతదాన్ని అనిపించింది. కానీ ఈ చరిత్ర నా సొంత నష్టంతో మొదలైంది కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా గ్రూపులో నేనూ ఇంకో ఇద్దరూ లోను మీద జెర్సీ క్రాసు పెయ్యలు కొన్నాం. ఎదకొచ్చాక సూది వేయించేటప్పుడు "మంచి పెద్ద హెచ్చెఫ్‌ది వెయ్యండి, పాలు బాగా ఇచ్చే పెయ్యదూడ పుట్టాలి" అని అడిగింది నేనే. లీడరు చెప్పింది కదా అని మిగతా ఇద్దరూ అదే వేయించారు. నెలలు నిండి నా పెయ్యకు రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి. తెల్లారిందాకా ముందుకాళ్ల గిట్టలు కనపడుతున్నాయే గానీ తల రాలేదు. చివరికి నలుగురు మగాళ్లు తాడు కట్టి లాగారు. కోడెదూడ, చచ్చి పుట్టింది. తల్లి మళ్లీ లేవలేదు, నాలుగో రోజు పోయింది. పశువు పోయినా కంతులు పోలేదు, చివరిదాకా కట్టాను. మిగతా ఇద్దరిలో ఒకామెకు ఈత బాగానే అయింది. ఇంకొకామెకు దూడ పోయింది, తల్లి దక్కింది గానీ ఏడాది దాటినా మళ్లీ చూడి నిలవలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఇప్పటికీ బాధ.

తర్వాత ఒక ట్రైనింగులో పశువుల డాక్టరమ్మ చెప్పింది, "పాలు చూసి ఆంబోతును ఎంచుకున్నారు, పెయ్య నడుము చూడలేదు" అని. అప్పటినుంచి ఈ సంగతి ఎవరు ఎప్పుడు ఎలా తెలుసుకున్నారా అని అడిగి, చదివి, పోగేసుకుంటూ వచ్చాను.

దీన్ని ఎక్కువగా పట్టించుకుంది అమెరికా, బ్రిటన్‌లలో మాంసం కోసం ఆవుల్ని పెంచే రైతులు. ఆ మాట వినడం మనలో కొందరికి ఇష్టం ఉండదని నాకు తెలుసు. కానీ మన ఆవు ఇంటి ముందు కట్టేసి ఉంటుంది, ఈనే రాత్రి మనం లైటు పట్టుకుని కూర్చుంటాం. అక్కడ వందల పెయ్యలు బయళ్లలో మేస్తుంటాయి. ఏది ఎప్పుడు ఈనుతుందో చూసే మనిషి ఉండడు. పెయ్య తనంతట తాను ఈనాలి, లేకపోతే చావాలి. అందుకని ఏ ఆంబోతు దూడ తేలిగ్గా బయటికొస్తుందో తెలుసుకోక వాళ్లకు తప్పలేదు.

1873లో జార్జ్ గ్రాంట్ అనే ఆయన స్కాట్లండ్ నుంచి నాలుగు ఆంగస్ ఆంబోతుల్ని కాన్సస్ రాష్ట్రానికి తెచ్చాడు. నల్లగా, కొమ్ముల్లేకుండా ఉన్న వాటిని అక్కడి జనం వింతగా చూశారట. తొలిచూలు పెయ్యలకు ఆంగస్ మంచిదనే పేరు తర్వాత స్థిరపడింది. కొమ్ములు లేవు కాబట్టి ఈత తేలిక అని కొందరు అనుకుంటారు గానీ అది కారణం కాదు. ఏ దూడైనా కొమ్ములతో పుట్టదు కదా! ఆ జాతి దూడ పుట్టేటప్పుడు చిన్నగా ఉంటుంది, అదీ అసలు సంగతి.

పూర్వం అక్కడ పెయ్యల్ని మూడేళ్లకు ఈనేటట్టు దాటించేవాళ్లు. తర్వాత తర్వాత రెండేళ్లకే ఈనితే ఆవు బతుకులో ఒక దూడ ఎక్కువ వస్తుందని లెక్క వేశారు. లెక్క బాగానే ఉంది, కానీ రెండేళ్ల పెయ్యకు నడుము ఎముకలు ఇంకా పూర్తిగా విచ్చుకోవు. సరిగ్గా అదే కాలంలో యూరప్ నుంచి భారీ జాతులు దిగాయి. 1961లో ఫ్రాన్స్ నుంచి తెల్లటి షారోలే ఆంబోతులు బ్రిటన్‌కు వచ్చాయి. 1967లో పారిజియన్ అనే సిమ్మెంటల్ ఆంబోతు కెనడాలో దిగింది. వీటి దూడలు తొందరగా పెరిగి బాగా తూగుతాయి, సంతలో ఎక్కువ ధర పలుకుతాయి. అందరూ ఎగబడ్డారు. నేను హెచ్చెఫ్ అడిగినట్టే అన్నమాట. పెయ్యల దగ్గరికి వచ్చేసరికి తాళ్లు, గొలుసులు, ఆపరేషన్లు మొదలయ్యాయి.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో క్లే సెంటర్ అనే ఊరి దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి నౌకాదళపు మందుగుండు గోదాములు ఉండేవి. ఆ భూముల్లోనే 1964లో పశువుల పరిశోధన కేంద్రం పెట్టారు. హెర్‌ఫర్డ్, ఆంగస్ తల్లులకు రకరకాల జాతుల ఆంబోతుల వీర్యంతో కడుపు కట్టించి, పుట్టిన ప్రతి దూడనూ తూచి, ఏ ఈతకు ఎంత సాయం పట్టిందో రాసిపెట్టారు. షారోలే, సిమ్మెంటల్, లిమూజిన్ వేసినచోట ఎక్కువ కష్టపడ్డాయి. అందరికంటే తేలిగ్గా ఈనినవి ఏవో తెలుసా? జెర్సీ ఆంబోతు దూడలు మోసినవి. మన జెర్సీయే! పాల జాతి కాబట్టి మాంసం రైతులు దాన్ని లెక్కలోకే తీసుకునేవాళ్లు కాదు.

అక్కడ తేలిన విషయాలు నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉన్నాయి. ఈత కష్టానికి అన్నిటికంటే పెద్ద కారణం దూడ పుట్టే బరువు. కోడెదూడ సాధారణంగా పెయ్యదూడ కంటే బరువు, కాబట్టి కష్టం ఎక్కువ. కష్టపడి పుట్టిన దూడల్లో చావులు మామూలు వాటికి దాదాపు నాలుగింతలు. కష్టపడి ఈనిన తల్లి మళ్లీ చూడి కట్టడం ఆలస్యమవుతుంది. ఈ చివరిది చదివినప్పుడు మా గ్రూపు అక్క ఆవు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

ఇంకో సంగతి. ఆంబోతును కంటితో చూసి ఇది చెప్పలేం. భుజాలు సన్నగా ఉన్నాయి, తల చిన్నది అని ఎంచితే తప్పు పోవచ్చు. దాని దూడలు చాలా చోట్ల ఎలా పుట్టాయో లెక్క ఉండాలి. 1971లో అమెరికా సిమ్మెంటల్ పెంపకందార్ల సంఘం ఆంబోతుల దూడల లెక్కలు కట్టి ఒక పుస్తకంగా వేసింది. మిగతా జాతుల సంఘాలూ ఆ దారి పట్టాయి. ఇప్పుడు అక్కడ ఆంబోతుకు పుట్టే బరువుకో అంకె, ఈత తేలికకో అంకె ఉంటాయి. మన గ్రూపులకు గ్రేడింగు ఇచ్చినట్టే.

ఈ గందరగోళంలో కొంతమంది రైతులు లాంగ్‌హార్న్ ఆంబోతు వైపు తిరిగారు. బారెడు కొమ్ములు, బక్క ఒళ్లు, మచ్చల తోలు. లాభం లేదని అందరూ వదిలేస్తే ఆ జాతి దాదాపు అంతరించి, 1927లో ప్రభుత్వమే ఒక చిన్న మందను చేరదీసి ఓక్లహామాలో కాపాడాల్సి వచ్చింది. దాని దూడకు సంతలో ధర తక్కువే. అయినా తొలి ఈతకు దాన్నే వదిలేవాళ్లు, ధర తగ్గినా దూడ బతుకుతుంది, తల్లి మిగులుతుంది అని.

ఇక మన ఒంగోలు జాతి సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. పూర్వం మన ఊళ్లలో పెద్దవాళ్ల పేరు మీద మంచి కోడెను అచ్చు వేసి దేవుడికి వదిలేవాళ్లు. ఆవూ అదే జాతి, ఆంబోతూ అదే జాతి. దూడ ఇరుక్కోవడం అరుదు. ఈ పశువులే పందొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్ చేరాయి. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే అక్కడ వాటికి నెలోర్ అని పేరు. 1960ల మొదట్లో వెళ్లిన ఆంబోతుల్లో ఒకదాని పేరు కర్వాడి, అంటే మన కరవది. ఈ రోజు బ్రెజిల్ మాంసపు మందల్లో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. వేడికి తట్టుకుంటుంది, చిన్న దూడను తేలిగ్గా ఈనుతుంది అని వాళ్లు మెచ్చుకుంటారు. దూడ సుమారు 30 కిలోలు.

కానీ ఇక్కడో వింత ఉంది. మన రక్తం కలిసిన బ్రాహ్మన్ ఆంబోతును అమెరికాలో హెర్‌ఫర్డ్ ఆవుకు వేస్తే దూడ బాగా బరువుగా పుడుతుంది. అదే బ్రాహ్మన్ ఆవుకు హెర్‌ఫర్డ్ ఆంబోతును వేస్తే దూడ చిన్నగా పుడుతుంది. రెండూ అదే రెండు జాతుల సంకరమే! తల్లి కడుపు దూడను అదుపులో పెట్టగలదని ఇంగ్లండులో వాల్టన్, హ్యామండ్ అనే ఇద్దరు 1938లోనే గుర్రాల మీద చూపించారు. షైర్ అనే పెద్ద గుర్రానికీ షెట్లాండ్ అనే పొట్టి గుర్రానికీ అటూ ఇటూ సంకరం చేస్తే, పొట్టి తల్లి పొట్టి పిల్లనే కన్నది. ఒంగోలు ఆవుకు ఆ గుణం కొంత ఉంది. నా క్రాసు పెయ్యలో ఆ రక్తం ఎంత మిగిలి ఉందో ఎవరికి తెలుసు, ఆ నమ్మకంతో హెచ్చెఫ్ వేయించకూడదు. హెచ్చెఫ్ దూడ దాదాపు 40 కిలోలు, జెర్సీ దూడ 25 కిలోల వరకు.

పూర్వం ఆంబోతు వీధిలో కనపడేది. 1949లో ఇంగ్లండులో గ్లిజరిన్ కలిపి వీర్యాన్ని గడ్డకట్టించి దాచే పద్ధతి కనిపెట్టాక, ఆంబోతు గడ్డిపరకంత గొట్టంలోకి వచ్చింది. మనకు కనపడేది క్యాను పొగే. అందుకే అడగాలి. స్ట్రా మీద జాతి, ఆంబోతు నంబరు అచ్చు వేసి ఉంటాయి. నేను చూసిన కాగితాల్లో తల్లి పాల లెక్క ఉంది గానీ ఈత తేలిక గురించి ఏమీ లేదు. అది లేనప్పుడు తొలి ఈతకు చిన్న దూడనిచ్చే జాతినే అడుగుతున్నాను. ఎదకొచ్చిందని తొందరపడి బక్క పెయ్యకు వేయించడం కూడా మానేశాం. పెద్ద ఆవు బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరగా వచ్చాకే వేయిస్తున్నాం. నిండు నెలల్లో దాణా ఆపితే దూడ చిన్నదవుతుందని మా అత్త అనేది. మేత తగ్గిస్తే తల్లి నీరసపడుతుంది, ఈత మాత్రం తేలిక కాదు. దీని మీద మా ఇంట్లో గొడవ కూడా అయింది.

పోయినేడాది మా గ్రూపులో ఐదు తొలిచూలు పెయ్యలకు జెర్సీ వేయించాం. నా పెయ్యకు నొప్పులొచ్చిన రాత్రి నేను నిద్రపోలేదు. తెల్లారి నాలుగింటికి టీ పెట్టుకుందామని లోపలికి వెళ్లి వచ్చేసరికి దూడ కింద ఉంది, తల్లి నాకుతోంది. ఇప్పుడది రెండో ఈతకు చూడితో ఉంది. ఈసారి హెచ్చెఫ్ వేయించాను.